నాలుగు నెలలకూ ఒకే రేటు

సోమవారం ఉదయం పదీ ఇరవైకి అంబికకు తన తప్పు తెలిసింది. ఆ తప్పు వల్ల సాయంత్రం నాలుగు గంటలకు ఒక అమాయకురాలిని మెజిస్ట్రేటు ముందు నిలబెడతారన్న సంగతి కూడా ఆమెకు తెలుసు. హోసూరులో పన్నెండేళ్ళుగా లెక్కల మోసాలు పట్టుకునే డిటెక్టివ్‌గా పేరు మోసిన మనిషి, కాళ్ళ కింద భూమి చీలితే బాగుండునని మొదటిసారి అనుకుంది.

తప్పు చూపించింది మంజు. ముప్పై ఏళ్ళ మంజుకు ఉద్యోగం లేదు, పైన యజమాని లేడు. హోసూరులో తన ఇంట్లోనే కూర్చుని విదేశాల వర్క్‌షాపులకు యంత్రభాగాల డ్రాయింగులు గీసి ఇస్తుంది. వాళ్ళు డాలర్లు పంపుతారు. ఆమె పన్ను లెక్కలన్నీ కృష్ణగిరిలో వెంకటేశప్ప అనే పెద్దాయన ఆఫీసు చూస్తుంది. పోయిన సంవత్సరం ఆమెకు ఇరవై ఆరు లక్షలు వస్తే, రిటర్నులో పదకొండు లక్షలే చూపించారని నోటీసు వచ్చింది. పన్ను కట్టమని మంజు నాలుగు విడతలుగా ఆఫీసుకు పంపిన మూడు లక్షల ముప్పై వేలల్లో ప్రభుత్వానికి ఒక్క రూపాయి చేరలేదు. డాలర్లు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే కాగితాలు నాలుగింటిని తీసేసి, తక్కువ మొత్తాలతో దొంగ కాగితాలు ఎవరో ఫైల్లో పెట్టారు.

దొంగ ఎవరో కనిపెట్టమని వెంకటేశప్ప పిలిపించింది అంబికనే. ఆమె వారం రోజుల్లో కనిపెట్టేసింది. ఆఫీసులో టైపు చేసే ఇరవై నాలుగేళ్ళ కలైసెల్వి అని రిపోర్టు రాసి, సంతకం పెట్టి, పోలీసులకు ఇచ్చింది.

ఇప్పుడు మంజు అసలు కాగితాలు ఒక వరుస, దొంగ కాగితాల కాపీలు ఒక వరుస టేబుల్ మీద పరిచింది.

"అక్కా, వీటిల్లో డాలర్ రేటు చూసినారా మీరు?"

"గుణించి చూసినాను. డాలర్లు ఇంటూ రేటు, రూపాయలు సరిపోయినాయి."

"గుణకారం ఎవరైనా సరిగ్గానే చేస్తారు. రేటు చూడండి. నా డాలర్ ఏ దినం రూపాయిగా మారి ఖాతాలో పడుతుందో ఆ దినం రేటే బ్యాంకు ఇస్తుంది. జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి, ఫిబ్రవరి వచ్చేతలికి మూడు రూపాయలు పైకి పోయింది. ఈ దొంగ కాగితాల్లో నాలుగింటికీ ఒకే రేటు ఉండాది. ఏ బ్యాంకు ఇస్తుంది అట్ల?"

అంబిక నాలుగు కాగితాలూ చూసింది. నాలుగింటి మీదా 82.95.

"కలైసెల్వి ఈ తప్పు చెయ్యదు అక్కా," అంది మంజు. "నాకు నేర్పించిందే ఆ పాప. ప్రతి పేమెంట్‌కీ బ్యాంకు కాగితం తీసిపెట్టుకో, ఆ దినం రేటు పక్కన రాసుకో, పనులు ఇప్పించే వెబ్‌సైట్ వాళ్ళు పట్టుకున్న కమిషన్ని ఆదాయంలో తగ్గించొద్దు, ఖర్చు కింద వేరేగా చూపించు అని ఎన్నిసార్లు చెప్పిందో. ఇంత తెలిసిన పిల్ల దొంగతనం చేసుంటే ఇంకా బాగా చేసుండేది."

అంబిక నవ్వలేకపోయింది. శుక్రవారం సాయంత్రం గుర్తొచ్చింది. కృష్ణగిరిలో కలైసెల్వి వాళ్ళ వీధి కొళాయి దగ్గర, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళందరి ముందు, ఆ పిల్ల తల్లి అంగాళమ్మను తాను నిలదీసింది. "నీ ఖాతాలో అరవై వేలు ఎట్ల వచ్చినాయి?" అని గట్టిగా అడిగింది. రెండు పాడి ఆవుల్ని అమ్మినామని అంగాళమ్మ చెప్పింది. "రసీదు ఉందా?" అని అడిగింది తాను. సంతలో ఆవును అమ్మితే రసీదు ఎవరిస్తారు? రైతు కుటుంబంలో పుట్టిన అంబికకు ఆ మాత్రం తెలియక కాదు. కూలి మనిషి ఇంట్లో అరవై వేలు ఉండకూడదని మనసులో అప్పటికే తీర్పు రాసేసుకుంది, అంతే. అదే ఒక మామిడి వ్యాపారి ఖాతాలో ఉంటే అడిగి ఉండేదే కాదు.

కృష్ణగిరి బస్సులో కూర్చుని ఎస్సై తిమ్మరాజుకు ఫోన్ చేసింది. అతను కలైసెల్విని ఫైళ్ళు గుర్తుపట్టించడానికి వెంకటేశప్ప ఆఫీసుకు తెచ్చానన్నాడు. నాలుగింటికి కోర్టన్నాడు. ఆగమంటే, "ఎందుకు ఆగాలి?" అని పెట్టేశాడు.

దారి పొడవునా ఆమె ఒక్కటే ఆలోచించింది. ఏడాది మొత్తానికి ఒకే రేటు రాసే అలవాటు ఎవరికుంటుంది? కృష్ణగిరి దిగేలోపు జవాబు దొరికింది. మామిడి మండీ వాళ్ళకు. వెంకటేశప్ప చెల్లెలి కొడుకు గోకుల్‌ది మండీ వ్యాపారమే. ఆ కుటుంబం మండీలో సీజన్ మొదట్లో తోట యజమానితో ఒక రేటు మాట్లాడుకుంటే ఆఖరి లోడు దాకా అదే. మధ్యలో ధర పెరిగినా తగ్గినా మాట మాటే. గోకుల్ రోజూ ఒంటిగంటకు మామకు క్యారియర్ తెస్తాడు. అంబికకు ఊపిరి తిరిగింది. దొంగ గోకుల్ అయితే, తాను గురువుగా గౌరవించే వెంకటేశప్పకు మచ్చ రాదు.

ఒంటిగంట దాటి అయిదు నిమిషాలకు ఆమె ఆఫీసులో అడుగుపెట్టింది. గుమ్మం పక్క బల్ల మీద కలైసెల్వి, అంగాళమ్మ కూర్చున్నారు. ఇద్దరూ తలెత్తలేదు. తిమ్మరాజు ఫైళ్ళ బీరువా ముందు నిలబడి ఉన్నాడు. లోపలి కుర్చీలో వెంకటేశప్ప. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కంట్లో పొర. ముప్పై ఏళ్ళు మండీలో గుమాస్తాగా పనిచేసి, తర్వాత పన్నుల ఆఫీసు పెట్టాడు. చదువు ముగించి వచ్చిన అంబికకు జమాఖర్చు నేర్పింది ఆయనే. నాలుగేళ్ళు ఆయన పక్కన కూర్చుని, ఆయన ఇంటి సాపాటు తిని పని నేర్చుకుంది. గోకుల్ అప్పుడే క్యారియర్ విప్పుతున్నాడు.

"రామ్మా అంబికా, భోంచేస్తువు," అన్నాడు వెంకటేశప్ప.

"తర్వాత సార్." ఆమె తిమ్మరాజు వైపు తిరిగింది. "నా రిపోర్టు తప్పు. ఈ పాప చెయ్యలేదు."

తిమ్మరాజు మెల్లగా ఫైలు మూశాడు. అతనికీ అంబికకూ నాలుగు కేసులుగా పడదు. పోలీసులు పట్టుకోలేనివి తాను పట్టుకున్నానని ఆమె పత్రికలకు చెప్పిన రోజు నుంచీ అతను ఈ ఘడియ కోసమే కాచుకున్నాడు.

"మేడం, మూడు దినాల ముందర ఇదే రూములో నేనేమన్నాను? ఇంకా కొంచెం విచారిస్తాం అన్నాను. మీరేమన్నారు? 'ఇంకేం విచారిస్తారు సార్, కళ్ళకు కనిపిస్తా ఉంటే' అన్నారు. అన్నారా లేదా?"

"అన్నాను."

"కుందేటికి మూడే కాళ్ళని సంతకం పెట్టి ఇచ్చింది మీరు. ఇప్పుడు నాలుగో కాలు చూపిస్తానంటే కోర్టు నవ్వుతుంది. నన్ను చూసి కాదు, మిమ్మల్ని చూసి."

"నవ్వనీ. నాకు గంట టైం ఇవ్వండి."

"ముప్పావుగంట. ఆ పిల్ల మొహం చూసి ఇస్తా ఉన్నా, మీ మొహం చూసి కాదు."

అంబిక వెళ్ళి కలైసెల్వి ముందు నిలబడింది. పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

"కలైసెల్వీ, నేను పొరపాటు పడినాను. నన్ను…"

"మాకెందుకమ్మా ఆ మాట ఈడ?" అంగాళమ్మ అడ్డుకుంది. గొంతు పెంచలేదు. "శుక్రవారం కొళాయి కాడ ఎంతమంది ఉండిరో, అంతమంది ముందర చెప్పు. ఈ నాలుగు గోడల్లో చెప్తే మా వీధికి వినపడుతుందా?"

అంబిక తలవంచుకుని కంప్యూటర్ దగ్గరకు నడిచింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని తన తల్లి వంద సార్లు చెప్పి ఉంటుంది. కడిగినా పోని అడుసు ఉంటుందని ఆమె చెప్పలేదు.

కంప్యూటర్ కలైసెల్విదే. పాస్‌వర్డ్ రాసిన చీటీ స్క్రీన్ అంచుకు అంటించి ఉంది. పోయిన వారం కూడా ఆ చీటీ అక్కడే ఉంది. దాన్ని చూసి కూడా అంబిక రిపోర్టులో రాయలేదు. దొంగ కాగితాల ఫైళ్ళు నాలుగూ తెరిచింది. తెరవగానే అక్షరాలు స్క్రీన్ నిండా పెద్దపెద్దగా వచ్చాయి. మిగతా ఫైళ్ళు మామూలు సైజులోనే తెరుచుకుంటున్నాయి. ఎందుకో అర్థం కాలేదు. అంతకంటే ముఖ్యం తయారుచేసిన టైము అనుకుని నాలుగూ కాగితం మీద రాసుకుంది. ఒంటిగంటా ఇరవై రెండు. ఒంటిగంటా పంతొమ్మిది. ఒంటిగంటా ఇరవై ఆరు. ఒంటిగంటా ఇరవై.

"కలైసెల్వీ, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా నువ్వు యాడ ఉంటావు?"

"బస్టాండ్ కాడ మేడం. చిత్రాన్నం బండి దగ్గర."

"ఆఫీసులో తినవా?"

పిల్ల వెంకటేశప్ప వైపు చూసి కళ్ళు దించుకుంది. జవాబు తల్లి చెప్పింది. "మేము చేపల పులుసు తెస్తే ఆఫీసులో వాసనంట. మొదటి దినమే సార్ చెప్పినారు, బయట తిను అని. ఎండైనా వానైనా ఆడ నిలబడే తింటుంది."

అంబిక నాలుగేళ్ళు ఈ గదిలోనే, ఆ కుర్చీ పక్కనే తిన్నది. ఈ పిల్ల ఎక్కడ తింటుందో అడగాలని పోయిన వారం తోచనే లేదు. అడిగి ఉంటే కేసు చిక్కు అప్పుడే విడిపోయేది.

"డబ్బులు ఎట్ల ఇస్తావు బండికి?"

"ఫోన్‌లో."

కలైసెల్వి ఫోన్ తీసి చూపించింది. తిమ్మరాజు కూడా వచ్చి వంగి చూశాడు. నాలుగు తేదీల్లోనూ బండికి ముప్పై రూపాయలు పడ్డాయి. ఒంటిగంటా ఇరవై నాలుగు, ఒంటిగంటా ఇరవై, ఇరవై మూడు, పద్దెనిమిది. ఆఫీసు నుంచి బండికి నడిస్తే పది నిమిషాలు.

"ఒకే టైముకు ఆడ చిత్రాన్నం తింటా, ఈడ దొంగ కాగితం చేస్తా ఉండగలదా సార్?" అంది అంబిక.

"ఇంకొకరికి ఫోన్ ఇచ్చి పంపుండొచ్చు కదా," అన్నాడు తిమ్మరాజు. కానీ గొంతులో ఇందాకటి బిగువు లేదు. "సరే, చెక్కుల సంగతి? ఆఫీసు ఖాతా నుంచి డబ్బు తీసింది ఈ పాపే. చలానా కట్టాలని చెప్పి ఆయన చేత సంతకం పెట్టించుకుంది. ఆయనే చెప్పినాడు."

"బ్యాంకుకి పోయింది నేనే సార్," అంది కలైసెల్వి. "తెచ్చిన డబ్బు సార్ చేతికే ఇచ్చినాను. చలానా నేను కట్టుకుంటాను, నువ్వు పో అన్నారు."

వెంకటేశప్ప నిట్టూర్చాడు. "చూడప్పా తిమ్మరాజూ, నాకు కళ్ళు కానరావు. ఈ డాలర్ కాగితాలు ఒక్కటి కూడా నేను చూడలేదు. నాకు మామిడి, లారీ, కిరాణా లెక్కలు తెలుసు. మంజు ఒక్కతే డాలర్ మనిషి. అవన్నీ ఈ పాపే చూసుకుంటా ఉండేది. సంతకం యాడ పెట్టమంటే ఆడ పెట్టినాను."

అంబిక దానికి తల ఊపింది. పాపం, పెద్దాయన అనుకుంది. ఆ తర్వాత గోకుల్ వైపు తిరిగింది. వల వేసే టైము వచ్చింది.

"గోకుల్, ఒక చిన్న లెక్క చెయ్యప్పా. జూన్‌లో మూడు వేల డాలర్లు, సెప్టెంబర్‌లో మూడు వేలు, డిసెంబర్‌లో, ఫిబ్రవరిలో మూడేసి వేలు వచ్చినాయి అనుకో. మొత్తం ఎన్ని రూపాయలు? ఈ కాగితం మీద రాయి."

గోకుల్ పెన్ను తీసుకున్నాడు. ఒకసారి కాగితం వంక, ఒకసారి అంబిక వంక చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"తేదీలు చెప్పక్కా."

"తేదీలు ఎందుకు?"

"తేదీ తెలీకుంటే రేటు ఎట్ల చూసేది? డాలర్ అంటే గంటకొక రేటు. మా మండీలో మాదిరి కాదు కదా."

అంబిక పొద్దుటి నుంచి కట్టుకున్న మేడ ఒక్క మాటతో కూలిపోయింది. తిమ్మరాజు వాచీ చూసుకున్నాడు.

వెంకటేశప్ప విసుక్కున్నాడు. లెక్కల్లో ఎవరైనా నసిగితే ఆయనకు పడదు. నేర్చుకునే రోజుల్లో అంబిక తిన్న తిట్లన్నీ అందుకే.

"తేదీలతో పనేముందిరా నీకు? సంవత్సరం మొదట్లో ఒక రేటు పట్టుకున్నామా, ఆఖరిదాకా అదే. మధ్యలో మార్చుకుంటా పోతే అది లెక్కనా, జూదమా?"

అంబిక మెల్లగా అడిగింది. "ఏ రేటు పట్టుకోవాల సార్?"

"ఏప్రిల్‌ది. ఎనభై రెండు తొంభై ఐదు."

ఆయన క్యారియర్ గిన్నె దగ్గరకు జరుపుకుంటూ చెప్పాడు, శిష్యురాలికి పాఠం చెప్పినట్టు. చెప్పాక చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది.

ముందుగా కదిలింది తిమ్మరాజు. కంప్యూటర్ దగ్గరకు పోయి, ఇంకా తెరిచే ఉన్న ఫైలు వంక చూశాడు.

"ఈ అక్షరాలు ఇంత పెద్దగా ఎందుకు ఉండాయని ఇందాకటి నుంచి అనుకుంటా ఉన్నా," అన్నాడు. "ఇరవై నాలుగేళ్ళ పిల్లకి ఇంత పెద్ద అక్షరాలు అక్కర్లేదు. కంట్లో పొర ఉన్నవాళ్ళకి కావాల. మీరు చూడలేదా మేడం?"

"చూసినాను," అంది అంబిక. చూసి కూడా అర్థం చేసుకోదలుచుకోలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికింది. మొదట కూలి మనిషి కూతుర్ని అనుమానించింది, తర్వాత మండీ కుర్రవాణ్ణి. తనకు అన్నం పెట్టిన మనిషిని మాత్రం వదిలేసింది. ఆయన ముప్పై ఏళ్ళు మండీలో గుమాస్తా అని ఊరంతటికీ తెలుసు, తనకూ తెలుసు.

"ఎందుకు సార్?" అని అడిగింది. "మీరా?"

వెంకటేశప్ప గిన్నె మీద మూత పెట్టేశాడు. "ఆ డాలర్ లెక్క నాకు చేతకాలేదమ్మా. చేతకాదని మంజుతో చెప్పడానికి సిగ్గు. ఈ పాపకు తెలుసు, కానీ బయట నిలబడి తినే పిల్లని నేను అడిగి నేర్చుకోవాలా? అడగలేదు. మొదటి విడత డబ్బు ఆఫీసులోనే ఉండిపోయింది. నాలుగు నెలల బాడుగ బాకీ ఉంది, ఇచ్చేసినాను. తర్వాత ఆగలేదు."

"ఈ పిల్ల మీదకి తోసినారు."

"నేను తోయలేదు." ఆయన మొదటిసారి తలెత్తాడు. కళ్ళలో కోపం లేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "నేను అంగాళమ్మ ఖాతాలో అరవై వేలు ఉండాదని మాత్రం నీకు చెప్పినాను. మిగతాదంతా నువ్వే రాసుకున్నావు. రాస్తావని తెలిసే నిన్ను పిలిపించినాను. బయటి వాళ్ళను పెడితే ముందు నన్ను అడుగుతారు. నువ్వు అడగవు."

ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతమందిలో అంబికను బట్టలూడదీసి నిలబెట్టినట్టయింది.

తిమ్మరాజు ఒక తెల్లకాగితం టేబుల్ మీద పెట్టాడు. "మేడం, మొదటి రిపోర్టు తప్పని, ఎందుకు తప్పో, మీ చేత్తో రాసియ్యండి. మీ లైసెన్సుకి అది మంచిది కాదు, ముందే చెప్తా ఉన్నా. రాస్తేనే ఈ పాప పేరు తీసేస్తాను."

అంబిక కూర్చుని రాసింది. పాస్‌వర్డ్ చీటీ సంగతి రాసింది. ఆవుల సంగతి రాసింది. భోజనం టైముకు అమ్మాయి ఎక్కడ ఉంటుందో తాను అడగలేదని కూడా రాసింది. కింద సంతకం పెట్టింది. కలైసెల్వి ఇంటికి పోతుంది. ఆ ఒక్కటి చాలు అనుకుంది.

తిమ్మరాజు కాగితం చదివి మడిచాడు. తర్వాత ఆఫీసు ఖాతా నుంచి మంజు డబ్బు తీసిన చెక్కుల జాబితా తీసి వేలితో కిందికి జరుపుతూ పోయి, ఒకచోట ఆగాడు.

"వెంకటేశప్పా, ఈ ఆఖరి చెక్కు, పోయిన నెల పద్దెనిమిదో తేదీది. నలభై వేలు. దీన్ని ఎవరికిచ్చినారు?"

వెంకటేశప్ప అంబికను చూశాడు. ఆ చూపులో క్షమాపణ ఉందో, ఎగతాళి ఉందో ఆమెకు తెలియలేదు.

"మేడం," అన్నాడు తిమ్మరాజు, "మీ ఫీజు ఎంత?"

"నలభై వేలు."

"ఎప్పుడిచ్చినాడు?"

"పద్దెనిమిదో తేదీ సాయంత్రం."

"చెక్కా, క్యాషా?"

"క్యాష్. కవర్‌లో పెట్టి ఇచ్చినారు." చెబుతూ ఉండగానే ఆమెకు అర్థమైంది. మంజు పన్ను కట్టమని పంపిన డబ్బుతోనే తనను కొన్నారు. దొంగ సొమ్ము పుచ్చుకుని దొంగను కాపాడుతూ రిపోర్టు రాసిన మనిషి తాను. తెలియక రాశానంటే ఏ కోర్టు నమ్ముతుంది? తాను అంగాళమ్మను నమ్మిందా?

"అంటే, దొంగ కాగితం చేసినవాడు ఒకడు, వాడికి అనుకూలంగా రిపోర్టు రాసి డబ్బు తీసుకున్నవాళ్ళు ఒకరు," అన్నాడు తిమ్మరాజు. అతని గొంతులో గెలిచిన సంతోషం కూడా లేదు, అలసట మాత్రమే ఉంది. "నాలుగింటికి ఇద్దరినీ తీసుకుపోవాల. జీపు వచ్చేదాకా మీరూ కూర్చోండి మేడం."

గదిలో ఇంకా చోటున్నది గుమ్మం పక్క బల్ల మీదే. అంబిక అటు నడిచింది. కలైసెల్వి తల్లి వైపు కొంచెం జరిగింది, చోటు ఇవ్వడానికే కావచ్చు. అంగాళమ్మ ఒడిలో ఉన్న సంచిని తీసి ఆ ఖాళీలో పెట్టింది.